వాడికి పన్నెండని రాయండి మేడమ్

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు చెంపల మీదుగా గడ్డం దాకా కారుతున్నా, రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుని అలాగే కూర్చుంది. మరీ ఆగనప్పుడు భుజం పైకెత్తి జాకెట్టు చేతికి మొహం రాసుకునేది. ఎందుకలా చేస్తోందో నాకు వెంటనే తట్టలేదు. అది మిర్చి సీజను. తెల్లవారుజాము నుంచీ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన చేతులవి. సబ్బుతో నాలుగుసార్లు కడిగినా ఆ ఘాటు వదలదు. ఆ వేళ్ళు కంటికి తగిలితే ఇక ఆ పూటకి చూపు లేనట్టే.

2018 ఫిబ్రవరి సంగతి ఇది. గుంటూరు మిర్చి యార్డుకి సరుకు పోయే పల్లెల్లో ఒకదాన్నుంచి వచ్చింది. గుమ్మం పక్కన ఆమె కొడుకు నిలబడ్డాడు. భుజాన బడి సంచి ఉంది, అందులో పుస్తకాలు లేవు. తల్లి చీరలు రెండు, వాడి చొక్కాలు, పైన ఒక స్టీలు గిన్నె. కుడి మణికట్టు వాచి నల్లబడింది. ముందురోజు రాత్రి తండ్రి మంచం కోడు ఊడబెరికి ఆమె నెత్తి మీదకి ఎత్తితే వీడు చెయ్యి అడ్డం పెట్టాడు.

నేను అప్పటికి పదేళ్ళుగా గృహహింస విభాగంలో సోషల్ కౌన్సెలర్‌ని. ఇలాంటి ఉదయాలు వారానికి మూడు నాలుగు ఉండేవి. ఆమె చెప్పింది రాసుకున్నాను, గవర్నమెంటాసుపత్రికి చీటీ రాశాను, ఆ రాత్రికి తలదాచుకోవడానికి ఆశ్రయ గృహానికి ఫోన్ చేశాను. అవతలావిడ మంచి మనిషి. మంచాలు ఖాళీగానే ఉన్నాయంది. పిల్లలెంత మంది అని అడిగింది. ఒక్కడే అన్నాను. వయసు అడిగింది. ఆధార్ చూసి చెప్పాను, పదమూడు దాటి రెండు నెలలు.

"అయ్యో, పన్నెండు దాటాడుగా మేడమ్" అంది.

నేను ఫోన్ పెట్టేలోపే తల్లికి విషయం అర్థమైంది. బల్ల మీదకి వంగి గొంతు తగ్గించి అడిగింది: "వాడికి పన్నెండని రాయండి మేడమ్. చూట్టానికి కూడా చిన్నోడేగా."

నేను పదమూడని రాశాను. కాగితం ఆధార్‌తో కలవాలి కదా. ఆ రాత్రి ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. ఉద్యోగంలోంచి బయటికొచ్చి చాలాకాలమైంది, కొన్ని వందల కేసులు మర్చిపోయాను, ఈ అంకె మాత్రం మర్చిపోలేదు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళకి మన దగ్గర ఏ తలుపులున్నాయి, ఎవరికి ఏ తలుపు, వాటి వెనక డబ్బు ఎక్కడిది అని ఎవరైనా అడిగితే ఆ పిల్లాడి మణికట్టు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఆశ్రయ గృహం ఆవిడ నిబంధన ప్రకారమే మాట్లాడింది. స్వధార్ గృహ్ అనే కేంద్ర పథకం కింద నడిచే ఇళ్ళు అవి. భర్త కొట్టి తరిమేసినవాళ్ళు, దిక్కులేనివాళ్ళు నెలలు, అవసరమైతే ఏళ్ళ తరబడి ఉండొచ్చు. తల్లితోపాటు ఆడపిల్లలు పద్దెనిమిదేళ్ళ దాకా, మగపిల్లలు పన్నెండేళ్ళ దాకా ఉండొచ్చు. దాటితే మగపిల్లాణ్ణి బాలల సదనానికి పంపాలి. 2022లో మిషన్ శక్తి అనే కేంద్ర పథకం వచ్చాక ఈ ఇళ్ళకి శక్తి సదన్ అని పేరు మారింది. మగపిల్లల దగ్గర గీసిన గీత మాత్రం అలాగే ఉంది.

విచిత్రం ఏమిటంటే గృహహింస చట్టం దృష్టిలో వాడు పద్దెనిమిది నిండేదాకా పిల్లాడే. తల్లి వేసిన కేసులోనే వాడికి పోషణ అడగొచ్చు, కస్టడీ అడగొచ్చు. చట్టం పద్దెనిమిది దాకా చెయ్యి పట్టుకుంటుంది, పడుకునే చోటు మాత్రం పన్నెండు దగ్గర వదిలేస్తుంది.

ఆ నిబంధన వట్టి మూర్ఖత్వం కాదు. ఆ ఇంట్లో ఒకే పెద్ద గదిలో పది పన్నెండు మంచాలు, వెనక రెండు స్నానాల గదులు. మగవాడి అడుగుల చప్పుడు వింటేనే వణికే ఆడవాళ్ళు అక్కడ ఉంటారు. పదహారేళ్ళ ఆడపిల్లలు ఉంటారు, వాళ్ళల్లో కొందరికి హింస సొంత ఇంట్లోని మగవాళ్ళ వల్లే జరిగి ఉంటుంది. వాళ్ళ మధ్య ఎదుగుతున్న మగపిల్లాణ్ణి తెచ్చి పడుకోబెడితే ఎవరికీ నిద్ర పట్టదు, వాడికి కూడా. అందుకే ఈ గీత గీసినవాళ్ళని నేను తిట్టను. కానీ అదే ఇంటికి వెనకవైపు రెండు చిన్న గదులు, ఒక్కోదానికి విడిగా బాత్రూము ఉండి ఉంటే ఆ గీత అవసరమే పడేది కాదు. మనం ఆడ, మగ అని మాట్లాడుకునే చాలా సంగతులు దగ్గరికెళ్ళి చూస్తే గోడలకీ గదులకీ సంబంధించినవే. ఆ గోడ కట్టడానికి ఎవరి దగ్గర డబ్బుందన్నదే అసలు ప్రశ్న.

మొదటి తలుపు గృహహింస చట్టం. అది 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదనీ, తిట్టి మనసు విరగ్గొట్టడం, బలవంతపు సంసారం, కూలి డబ్బు లాక్కోవడం, ఇంటి ఖర్చుకి ఇవ్వకపోవడం కూడా హింసేననీ చట్టంలో మొదటిసారి రాసుకున్నాం. భార్యే కాదు, తల్లి, అక్క, చెల్లి, పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్న స్త్రీ కూడా ఈ చట్టం కింద రావొచ్చు. 2016లో సుప్రీంకోర్టు చట్టంలోంచి రెండు మాటలు కొట్టేశాక అత్త మీదా ఆడపడుచు మీదా కూడా కేసు వేసుకునే వీలు స్పష్టమైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాకో రక్షణాధికారి ఉండేవారు. ఐసీడీఎస్ ప్రాజెక్ట్ డైరెక్టరుకే ఆ బాధ్యత. ఆయన కింద మా చిన్న విభాగం. న్యాయ సలహాదారు ఒకరు, నాలాంటి సోషల్ కౌన్సెలరు, నోటీసులు పట్టుకుపోవడానికి హోంగార్డు. వచ్చినామె చెప్పిందంతా ఒక ఫారంలో రాస్తాం. డి.ఐ.ఆర్. అంటాం దాన్ని, అంటే ఇంట్లో జరిగిందేమిటో చెప్పే నివేదిక. అది మేజిస్ట్రేటు దగ్గరికి పోతే 'డీవీసీ కేసు' అవుతుంది. పల్లెల్లో ఇప్పుడు ఈ మాట అందరికీ తెలుసు. "ఆయన మీద డీవీసీ ఏసింది" అంటారు. అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో తీర్పు అని చట్టం చెబుతుంది. కొట్టొద్దని రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటొద్దని నివాస ఉత్తర్వు, ఖర్చులకి డబ్బు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం అన్నీ ఒక్క అర్జీలో అడగొచ్చు. రక్షణ ఉత్తర్వు దాటి మళ్ళీ చెయ్యెత్తితే ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా.

ఇంత మంచి చట్టానికి కేంద్రం విడిగా ఒక పథకమంటూ పెట్టి డబ్బు జత చెయ్యలేదు. ఏ రాష్ట్రం మనసుని బట్టి ఆ రాష్ట్రం ఖర్చు. అందుకే చాలాచోట్ల రక్షణాధికారి అంటే ఇంకో పది బాధ్యతలున్న అధికారికి తగిలించిన పదకొండో బాధ్యత. చట్టం వచ్చిన ఇరవై ఏళ్ళకి, 2025 మే 20న, జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారుల్ని ఆరు వారాల్లో నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త చదివి నేను చాలాసేపు పేపరు మడవలేదు.

రెండో తలుపు సఖి కేంద్రం. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తర్వాత 2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి పెట్టారు. ఆ డబ్బుతో 2015 ఏప్రిల్ నుంచి వన్ స్టాప్ సెంటర్లు మొదలయ్యాయి. తెలంగాణలో సఖి అనే పేరే జనం నోట్లో నిలిచింది. ఇవి పూర్తిగా కేంద్రం డబ్బుతో నడుస్తాయి, జిల్లా కలెక్టరు కింద. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగు, ఐదు రోజుల దాకా వసతి ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం. శక్తి సదన్ల లెక్క వేరు, మన రాష్ట్రాల్లో కేంద్రం అరవై, రాష్ట్రం నలభై పాళ్ళు. ఇద్దరూ వేస్తేనే కుండలో బియ్యం పడతాయి.

ఆ కుండ గురించి ఒక మాట చెప్పాలి. స్వధార్ రోజుల్లో ఒక్కో మనిషి తిండికి నెలకి 1,300 రూపాయలు ఇచ్చేవారు. రోజుకి నలభై మూడు. మూడు పూటలకి. గ్రాంటు ఆలస్యమైన నెలల్లో ఇల్లు నడిపే సంస్థవాళ్ళు కిరాణా కొట్టులో ఖాతా పెట్టి తెచ్చేవాళ్ళు. ఒకసారి నేను వెళ్ళేసరికి పప్పులో దోసకాయలే ఎక్కువున్నాయి. వంటావిడ సిగ్గుపడి గరిటె లోతుగా తిప్పి పప్పు నా గిన్నెలో పోసింది. "మాకు అలవాటేలే మేడమ్" అంది.

ఇంత తక్కువ డబ్బు ఎంతమంది కోసం అనేది కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలని అడిగితే, భర్త వల్ల హింస ఎదుర్కొన్నామని ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో దాదాపు 37 మంది చెప్పారు. దేశం మొత్తం మీద 29. హింసకి గురైనవాళ్ళలో ఎవరి సాయమైనా అడిగింది నూటికి 14 మందే. అదే సర్వేలో, భార్యని భర్త కొట్టడం కొన్ని సందర్భాల్లో సబబేనని మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది దాకా ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. ఈ అంకె చూసి ఆశ్చర్యపడేవాళ్ళు మా గదిలో ఒక్క రోజు కూర్చోలేదనుకుంటాను. "తప్పు నాదే మేడమ్, కూరలో ఉప్పెక్కువైంది" అనే మాటతో మొదలుపెట్టినవాళ్ళు ఎంతమందో. ఆ మాట అన్నాకే, దెబ్బ చూపించడానికి కొంగు తీస్తారు.

అందుకే "అన్నీ ఆడవాళ్ళకేనా?" అని ఎవరైనా అంటే నాకు ముందు కోపం వచ్చేది. ఆ మాట అనేవాళ్ళలో ఎక్కువమందికి ఇంకొకరికి తలుపు తెరిపించాలని ఉండదు, ఈ తలుపు మూయించాలని ఉంటుంది. పంచాయితీల్లో ఆ మాట విసిరి రాజీ పేరుతో దెబ్బలు తిన్న మనిషిని అదే ఇంటికి తిరగ్గొట్టడం నేను కళ్ళారా చూశాను.

ఆ కోపం ఉండగానే, వరండాలో కూర్చున్న మనిషిని చూడకుండా ఉండలేకపోయాను.

ఆయన టైలరు. ఒక కాలికి పోలియో. నలభై ఏళ్ళుంటాయి. మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి చెల్లెలి కోసం వచ్చానన్నాడు. రెండోసారి కరపత్రం ఒకటి అడిగి తీసుకెళ్ళాడు. మూడోసారి జనమంతా వెళ్ళిపోయేదాకా కూర్చుని, "ఇది ఆడోళ్ళ ఆఫీసే గదండీ?" అన్నాడు. అవునన్నాను. లేచి నిలబడ్డాడు. కూర్చోమని మంచినీళ్ళిచ్చాను. చాలాసేపటికి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి పైన ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ, దాని పక్కనే పాతది ఇంకోటి. భార్య, ఆమె అన్న కలిసి చేశారట. కొట్టు వాళ్ళ పేరున రాయమని. "ఎవరికి చెప్పుకోనండీ, నవ్వుతారు" అన్నాడు. నేను నవ్వలేదు. కానీ నా బల్ల మీదున్న ఫారంలో ఆయన కోసం గడి లేదు. గృహహింస చట్టంలో బాధితురాలంటే స్త్రీయే.

అప్పుడు నేను చేసింది చిన్న పని. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చీటీ రాసి పంపాను. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. మగవాళ్ళకి కూడా కొన్ని దారులున్నాయి. ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కార్మికులు, ఆదాయం పరిమితి లోపు ఉన్నవాళ్ళు అర్హులే. ఈయన కాలు ఆయనకి ఆ తలుపు తెరిచింది. ఇలా రాయాల్సి రావడం నాకు బాధగా ఉంది. కాలు బాగుండి, నాలుగు డబ్బులు సంపాదిస్తున్న మగవాడైతే నేను ఆ చీటీ కూడా రాయలేకపోయేదాన్ని.

అలాగని చట్టంలో ఆయనకి ఏమీ లేదని కాదు. కొట్టడం, కాల్చడం, బెదిరించడం ఎవరు ఎవరిని చేసినా నేరమే, పోలీసులు కేసు కట్టాల్సిందే. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం కింద విడాకులు భార్యాభర్తలిద్దరూ అడగొచ్చు, మనోవర్తి కూడా ఎవరైనా అడగొచ్చు. లేనిది నాలాంటి మనిషి, కూర్చోబెట్టి వినే బల్ల, ఆ రాత్రికి పక్క. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన, వయసొచ్చిన మగవాడికి మిషన్ శక్తిలో పడక లేదు. పట్టణాల్లో నిరాశ్రయుల వసతి గృహాలే గతి. ఆ టైలరుగారు ఆ రాత్రి తన కొట్టులోనే కుట్టుమిషను కింద పడుకున్నాడు.

అలాంటి మగవాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్క కట్టినవాళ్ళు లేరు. కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస గురించిన ప్రశ్నలు ఆడవాళ్ళనే అడుగుతారు. నా బల్ల ముందుకి వచ్చినవాళ్ళలో మగవాళ్ళు చాలా తక్కువ. బయటికి రానివాళ్ళని కూడా కలుపుకున్నా ఆడవాళ్ళ సంఖ్య దరిదాపుల్లోకి రారని నా అనుభవం చెబుతుంది. తక్కువమంది ఉన్నప్పుడు జిల్లాకొక్క కౌన్సెలరు, రెండు పడకలు చాలు. దానికి విడిగా డబ్బు కావాలి. 1,300 రూపాయల తిండిలోంచి వాటా తీసి కాదు. ఇప్పటికే పలచబడ్డ పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోసి అందరికీ పెట్టామంటే నేను ఒప్పుకోను.

ముసలి తండ్రుల విషయంలో మనం ఈ పని చేశాం కూడా. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టంలో ఆడ, మగ తేడా లేదు. కొడుకు కొట్టినా, అన్నం పెట్టకపోయినా ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. ఆస్తి రాయించుకుని చూడటం మానేస్తే ఆ రాతకోతలు రద్దు చేయించుకునే వీలుంది. 14567కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. డెబ్బై ఏళ్ళ మగవాడు ఏడిస్తే వినడానికి ఏర్పాటు చేసుకున్నాం కాబట్టి, నలభై ఏళ్ళవాడిది వినడం మనకి చేతకాని పనేమీ కాదు.

ఇంకొకరిని ఏ తలుపు దగ్గరికి తీసుకెళ్ళాలో నాకు అస్సలు పాలుపోలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆధార్‌లో మగపేరు, తనకి తాను పెట్టుకున్నది ఆడపేరు. అన్నలిద్దరూ కట్టేసి జుట్టు కత్తిరించారు, గుండు కూడా సరిగ్గా కాదు, చింపిరిగా. ఆశ్రయ గృహంలో చోటు అడిగితే లోపల ఉన్నవాళ్ళు భయపడతారేమోనన్నారు. మగవాళ్ళ వసతి గృహానికి పంపడానికి నాకు మనసొప్పలేదు. చివరికి రైల్వేస్టేషను వెనక ఒక హిజ్రా పెద్దావిడ ఇంట్లో చోటు దొరికింది. ఆవిడ ఏ పథకం కిందా లేదు. గోనెపట్టా మీద దుప్పటి పరిచి, "ముందు తిను" అని అన్నం పెట్టింది. ప్రభుత్వం చెయ్యాల్సిన పని ఆ రాత్రి ఆవిడ చేసింది.

అప్పటికీ ఇప్పటికీ కొంత మారింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇంట్లోవాళ్ళు హింసించినా ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. ఆడవాళ్ళ మీద చేసే నేరాలకి ఉన్న శిక్షలతో పోలిస్తే ఇది తక్కువేనని ఆ సమాజంవాళ్ళు మొదట్నుంచీ అంటున్నారు, ఆ మాట నిజం. గరిమా గృహ్ పేరుతో ఆశ్రయ గృహాలకి కేంద్రం డబ్బిస్తోంది, కానీ అవి దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితి దాటి ఎంతో దూరం పోలేదు. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో, పురుషుణ్ణి పెళ్ళాడిన ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయేననీ, అత్తింటి వేధింపుల మీద 498ఎ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకి ఉందనీ చెప్పింది. ఆ కేసులో సరైన ఆధారాలు లేవని ఫిర్యాదు కొట్టేశారు, హక్కు మాత్రం నిలబెట్టారు. అన్నలు జుట్టు కత్తిరించిన ఆ పిల్ల నాకు ఆ రోజు గుర్తొచ్చింది.

మిరప తొడిమల ఆవిడ దగ్గరికి మళ్ళీ వస్తాను.

పిల్లాణ్ణి బాలల సంక్షేమ సమితి ముందు పెట్టి బాలల సదనానికి పంపుదాం, నువ్వు ఆశ్రయ గృహంలో ఉండు, ఆదివారం ఆదివారం చూడొచ్చు అని నచ్చజెప్పాను. పుస్తకం ప్రకారం అదే మార్గం. ఆమె కొడుకు మణికట్టు తన ఒళ్ళోకి తీసుకుంది, చేతుల ఘాటు అంటకుండా కొంగు అడ్డం వేసి. "నన్ను కొట్టకుండా అడ్డం నిలబడ్డోడు మేడమ్. వాణ్ణి ఎక్కడో పడేసి నేను పోయి పడుకోనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లండులో 2021లో తెచ్చిన గృహహింస చట్టంలో, ఇంట్లో హింస చూస్తూ పెరిగే పిల్లల్ని కూడా సొంత హక్కుతో బాధితులుగానే గుర్తించారు, ఆశ్రయంలో వాళ్ళకి కావలసిన సాయం చూసే బాధ్యత స్థానిక ప్రభుత్వాల మీద పెట్టారు. మన ఫారంలో వాడు 'పిల్లల వివరాలు' అనే గడిలో ఒక పేరు, ఒక వయసు.

ఆమె ఆ మధ్యాహ్నం మూడు గంటల బస్సుకి తిరిగి వెళ్ళిపోబోయింది. హోంగార్డు పరిగెత్తి ఆపాడు. ఆ హోంగార్డు తల్లి ఒక చర్చి ఆవరణలో ఉంటుంది, అక్కడ పాస్టరుగారి ఇంటి వెనక సామాను గది ఉంది. కుర్చీలు బయట పెట్టి తల్లీకొడుకులకి ఆ గది ఇచ్చారు. గచ్చు మీద చాప, తలుపుకి లోపల గడియ. వాళ్ళకి కావలసింది అంతే. నెలన్నర ఉన్నారు. పిల్లాడు అక్కడి నుంచే బడికి పోయాడు.

డీవీసీ వేశాం. ఉచిత లాయరమ్మ శ్రద్ధగా వాదించింది. అరవై రోజులన్నది పదకొండు నెలలైంది. ఆమెకి నిలబడే బలం ఇచ్చినవి మూడు కాగితాలు. మొదటి రోజే ఆసుపత్రిలో "బాత్రూములో జారి పడ్డాను" అనకుండా "నా మొగుడు కొట్టాడు" అని చెప్పి రాయించుకున్న వైద్య చీటీ, పిల్లాడి ఎక్స్‌రే, కూలి డబ్బు భర్త ఖాతాలోకి పోతోందని చూపించే బ్యాంకు పుస్తకం. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా అవసరం పడితే ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్ల నకళ్ళు నమ్మకమైన మనిషి దగ్గర ముందే దాచండి. అవేవీ లేకపోయినా రావడం మాత్రం మానకండి. ప్రాణం మీదకొస్తే 112. ఆడవాళ్ళకి రాత్రీ పగలూ 181. పిల్లలకి 1098, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా. ఉచిత లాయరు కావాలంటే 15100, ఎవరైనా అడగొచ్చు, ఇచ్చేది మాత్రం అర్హతని బట్టి. మనసు కుంగి చచ్చిపోవాలనిపిస్తే 14416, తెలుగులో మాట్లాడతారు, ఆడా మగా అని అడగరు. టైలరుగారికి ఆ రోజుల్లో ఈ చివరి నంబరు లేదు.

నేను ఉద్యోగం మానేముందు జిల్లా సమావేశంలో ఒక తెల్లకాగితం ఇచ్చాను. ఆశ్రయ గృహం వెనక గోడకి ఆనించి రెండు గదులు, పది బై పది. ఒక్కోదానికి బాత్రూము. వీధివైపు విడి తలుపు, లోపల గడియ. పెద్ద మగపిల్లలున్న తల్లులకి ఒకటి, ఏ హాల్లోనూ పడుకోబెట్టలేని మనిషికి ఇంకోటి. స్కేలుతో గీశాను, కొలతలు వేశాను. బాగుందన్నారు, ఫైల్లో పెట్టారు. దాని నకలు నా దగ్గరుంది. ఎవరైనా కట్టిస్తామంటే ఇస్తాను.

నివాస ఉత్తర్వు వచ్చింది. ఇల్లు ఆమెకీ పిల్లాడికీ, భర్త బయట ఉండాలని. ఆయన మంచం కూడా తీసుకుపోయాడు, మూడు కోళ్ళది. ఇప్పటికీ మిర్చి సీజనులో ఆవిడ ఫోన్ చేస్తుంది. చేతులు మండుతుంటాయని స్పీకర్లో పెట్టి దూరంగా కూర్చుని మాట్లాడుతుంది. మొన్న మాట్లాడుతుండగా వెనక నుంచి మగగొంతు వినపడింది. ఒక్క క్షణం నా గుండె ఆగింది. "మా వాడే మేడమ్" అంది. "గొంతు మారిందిగా."